ప్రభువుల నీళ్ళు

మా బావమరిది గైల్స్ టవర్ కోట చెరలో పడి ఉండగా పోయినవారం కథ ఆపాను. వాడింకా అక్కడే ఉన్నాడు. రాజుగారికి మందులు నూరి పంపే దుకాణం వాడిది. వాడు పంపిన పానకం తాగాకే ప్రభువుల కాళ్ళు పొంగాయని, అందులో విషం కలిపాడని నేరం మోపారు. మా ఇంగ్లండులో విషం పెట్టినవాణ్ణి ఉరితీసి ఊరుకోరు. సంతవీధిలో పెద్ద రాగి గంగాళం పెట్టి, నీళ్ళు పోసి, మనిషిని అందులో దించి కింద మంట వేస్తారు. చూడ్డానికి జనం పిల్లల్ని భుజాలకెత్తుకుని వస్తారు. వాళ్ళకు వేడివేడి మాంసం రొట్టెలు అమ్ముకోవడానికి ఇంకొందరు వస్తారు.

గైల్స్‌ను ఆ గంగాళంలో దించాలా వద్దా అన్నది ఈ రోజు తేలాలి. మంత్రుల సభ మధ్యాహ్నం భోజనానికి లేచేలోపు నన్ను పిలిచి ఒకే ప్రశ్న అడుగుతుంది. ప్రభువులది రోగమా, విషమా? నేను, ఆంబ్రోజ్ కెల్వేని, ప్రభువుల ఆస్థాన వైద్యుణ్ణి. నా నోటి మాట మీద మా ఆవిడ తమ్ముడి ప్రాణం ఉంది.

ఆ మాట చెప్పడం ఎంత కష్టమో బయటివాళ్ళకు తెలియదు. ప్రభువులు పోతారని నోటితో అనడం రాజద్రోహం. పోయేలా ఉన్నారనడం రాజద్రోహం. పోయినట్టు కలగన్నానని పెళ్ళాంతో చెప్పుకున్నా రాజద్రోహమే. అందువల్ల ఆస్థానంలో ఏ వైద్యుడికీ ప్రభువుల రోగం కనపడదు. పైగా ఆయన ఒంటిమీద చెయ్యి వేసే హక్కు కూడా మాకు లేదు. కట్లు కట్టేవాళ్ళు వేరు, నెత్తురు తీసేవాళ్ళు వేరు. సముద్రం దాటి పాదువా విద్యాపీఠం దాకా వెళ్ళి వైద్యం చదువుకొచ్చిన మాబోటివాళ్ళం దూరంగా నిలబడి, పొద్దున్నే ప్రభువుల నీళ్ళు, అంటే మూత్రం, పట్టిన గాజు బుడ్డిని వెలుతురుకు ఎత్తి చూసి, వాసన చూసి, అవసరమైతే వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని తీర్పు చెప్తాం. మనిషి అబద్ధమాడవచ్చు గానీ బుడ్డి అబద్ధమాడదని మాకు నేర్పారు.

చలికాలం నుంచీ ప్రభువుల కాళ్ళు పొంగుతున్నాయి. మొహం ఉబ్బింది. తిన్నది కక్కేస్తున్నారు. బుడ్డిలో నీళ్ళు మాత్రం దాదాపు రోజూ తేటగా, లేత గడ్డి రంగులో, నిక్షేపంలా ఉంటున్నాయి. ఎప్పుడైనా పిత్తమో వేడో కాస్త కనపడి మందిచ్చినా, సభలో మాత్రం బాగున్నాయనే చెప్తూ వచ్చాను. మంత్రులు నా మాటనే పట్టుకున్నారు. నీళ్ళు బాగుండి మనిషి కుంగిపోతున్నాడంటే ఆ కుంగు లోపలినుంచి వచ్చింది కాదు, బయటినుంచి ఎవరో పెట్టింది అన్నారు. ఆ మాట అనుకున్న సాయంత్రమే గైల్స్ దుకాణం తలుపులు పగలగొట్టారు.

ఈ పొద్దున నేను లేచి మూలనున్న కుండ వాడుకుని పక్కకు తిరిగానో లేదో, మా ఆవిడ ఉర్సులా కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది. తమ్ముణ్ణి పట్టుకెళ్ళిన రోజు నుంచీ ఆవిడ నాతో అవసరానికి మించి మాట్లాడ్డం లేదు. ఇప్పుడు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అడిగింది.

"నిన్న ఆ దొర ఇంట్లో ఏం మేసొచ్చారు?"

ఆస్పరాగస్ కాడలు అన్నాను. మే నెల కదా, పెద్దవాళ్ళ ఇళ్ళల్లో అవే. తిన్న పూటా మర్నాడూ మనిషి నీళ్ళు కుళ్ళిన క్యాబేజీ కంపు కొడతాయి. తినని మనిషికి ఆ కంపు ఎంత తలకిందులుగా తపస్సు చేసినా రాదు. ఉర్సులా కుండ తీసుకెళ్ళి పెరట్లో పారబోసి వచ్చి, నా టోపీ నా చేతిలో పెట్టింది. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వస్తేనే ఇంటికి రమ్మంది. కేక వెయ్యలేదు, ఏడవలేదు. నాకు ఆ నెమ్మదే ఎక్కువ భయం వేసింది.

దొర అంటే సర్ పియర్స్ డాంట్రీ. ప్రభువుల మరుగుపీఠాధికారి. చెప్పుకోవడానికి ఇంత పెద్ద పేరు గానీ, చేసే పని ప్రభువులు దొడ్డికి కూర్చుంటే పక్కన నిలబడి, అయ్యాక తుడవడం. ఆ పని కోసం రాజ్యంలో పెద్దింటి కొడుకులు కత్తులు దూసుకుంటారు. ఎందుకంటే రాజుగారితో ఒంటరిగా గడిపే మనిషి ఆయనొక్కడే. ఎవరికి భూములు రావాలన్నా, ఎవరి తల నిలవాలన్నా, ఆ పీఠం పక్కన నిలబడి చెవిలో వేసే మాట మీద ఆధారపడి ఉంటుంది. నిన్న మధ్యాహ్నం నేను ఆయన ఇంటికి వెళ్ళింది గైల్స్ గురించి ఆ చెవిలో ఒక్క మాట వెయ్యమని బతిమాలడానికే. ఆయన వెన్నలో ముంచిన కాడలు చేత్తో తీసి తింటూ, నా పళ్ళెంలోకీ స్వయంగా వడ్డించాడు. ఆ చేతులతో పొద్దున ఏం చేసి వచ్చాడో నాకు తెలుసు. మా వాడి కోసం కళ్ళు మూసుకుని మింగాను. చూద్దాంలే అన్నాడు.

రాజభవనం అంటే పట్టు తెరలు, అత్తరు వాసన అనుకునేవాళ్ళను ఒకసారి తీసుకొచ్చి చూపించాలి. కొత్తగా వచ్చిన రాయబారులు నడవల్లో గోడల నిండా ఎర్రటి సిలువ గుర్తులు చూసి, ఎంత భక్తి అనుకుంటారు. అది భక్తి కాదు. పెద్దమనుషులు ఎక్కడ పడితే అక్కడ గోడకు తిరిగి నిలబడుతుంటే, సిలువ మీద పొయ్యడానికైనా జంకుతారని వేయించారు. జంకలేదు. సిలువకు కాస్త పక్కగా పోస్తున్నారు. ఇన్నేళ్ళయినా ఆ నడవలో నడిచేటప్పుడు నేను నోటితోనే ఊపిరి తీసుకుంటాను.

మరుగు గది ఆ నడవ చివర ఉంటుంది. నేల మీద లావెండర్ రెమ్మలు, కిటికీ దగ్గర చిన్న బల్ల, మధ్యలో ఎర్ర మఖమలు తొడుగు, బంగారు మేకులు కొట్టిన పీఠం. పీఠం వెనక పచ్చ తెర. నేను వెళ్ళేసరికి ప్రభువులు పొద్దుటి పని ముగించుకుని లోపలి పడకగదికి వెళ్ళిపోయారు. సర్ పియర్స్ ఎప్పటిలాగే వెండి పళ్ళెంలో మఖమలు కప్పిన బుడ్డి పట్టుకుని నిలబడ్డాడు. ఆ పళ్ళెం నడవలో వెళ్తుంటే ప్రభువులే వెళ్తున్నట్టు అందరూ టోపీలు తీసి వంగుతారు. నేనూ టోపీ తీసి వంగాను.

మఖమలు తీశాను. బుడ్డిని కిటికీకి ఎత్తిపట్టాను. తేటగా ఉంది. లేత గడ్డి రంగు. ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను.

పొద్దున ఉర్సులా చేత కిటికీ తెరిపించిన కంపు అది.

నిన్న సాయంత్రమంతా ప్రభువుల మంచం పక్కనే ఉన్నాను. బార్లీ గంజి నాలుగు చెంచాలు కూడా లోపల నిలవలేదు. ఆస్పరాగస్ మాట అటుంచి, రొట్టెముక్క మింగి వారమయింది.   రాజుగారి నీళ్ళయితే ఈ కంపు రాదు. ఇవి ఆయనవి కావు.

"దొరగారూ, నిన్న ప్రభువులకు ఆస్పరాగస్ ఎవరు పెట్టారు?" అన్నాను.

సర్ పియర్స్ నా మొహంలోకి చూశాడు. నెమ్మదిగా వెళ్ళి తలుపు గడియ పెట్టి వచ్చాడు. ఆ పెదాల మీద నవ్వు వచ్చేటప్పుడే నాకు అంతా అర్థమైపోయింది.

"ముక్కు మంచిదే నీది. చలికాలం నుంచీ ఎక్కడ దాచుకున్నావు కెల్వే?"

చలికాలం నుంచీ. అంటే ఇన్నాళ్ళూ నేను చూసినవన్నీ మీవేనా అని అడిగాను. ఆయన సిగ్గుపడలేదు. కాస్త గర్వపడ్డాడు కూడా. క్రిస్మస్ తర్వాత ఒకరోజు సభలో నేను బుడ్డి ఎత్తి చూపించి, రాజసం ఉట్టిపడుతున్న నీళ్ళు అన్నానట. అన్నాను, గుర్తుంది. మంత్రులందరూ తలలూపారు.

"ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆవిడతో చెప్పాను," అన్నాడు. "మా వంశానికి రాచరక్తం ఉందని మా తాత చెప్తే ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు పాదువా పండితుడే ధ్రువీకరించాడని. పొట్ట పట్టుకుని నవ్వుకున్నాం."

నాకు ఒళ్ళు మండలేదు. నా మీద నాకే భయం వేసింది. ఎందుకంటే నేను నీళ్ళు చూసి ఊరికే పొగడలేదు, మందులిచ్చాను. పోయిన నెలలో బుడ్డిలో పిత్తం ఎక్కువ కనపడిందని గిన్నెలకొద్దీ నెత్తురు తీయించాను. ఆ పిత్తం ఈ దొరది. పోయిన నెత్తురు ప్రభువులది. వేడి చేసిందని విరేచనాలకిచ్చాను. వేడి ఈయనకు, విరేచనాలు ఆయనకు. అంతంతమాత్రంగా ఉన్న మనిషిని, ఇంకొకడి ఆరోగ్యం చూసి వైద్యం చేసి, చేతులారా పీల్చి పిప్పి చేశాను. ప్రపంచంలో ఇంత చదువుకుని ఇంత అసహ్యమైన పని చేసినవాడు నేను తప్ప ఇంకెవడూ ఉండడనిపించింది.

అసలువి చూపించమన్నాను. సర్ పియర్స్ భుజాలెగరేసి పచ్చ తెర పక్కకు లాగాడు. అక్కడ మూతపెట్టిన బుడ్డి ఇంకొకటి ఉంది. మూత తీసేసరికి ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. రోజూ చూసేవాడే వెనక్కి తగ్గాడంటే ఇంక మీరే ఊహించుకోండి.

అడుగున కాసిని ఉన్నాయి. మురిగిన బీరులా నల్లగా, పైన విరగని నురగతో, అడుగున చీము తెట్టెలతో. ఎందరో రోగులను చూసిన నేనే మొహం తిప్పుకున్నాను. అంత రోతలోనూ నా చెయ్యి దానంతటది పనిలోకి దిగింది. ఊపి చూశాను. వేలు ముంచాను. నాలిక మీద పెట్టుకున్నాను. తర్వాత కిటికీలోంచి బయటికి ఉమ్మాను. మూత్రపిండాలు కుళ్ళిపోయాయి. ఇది నిన్న మొన్నటిది కాదు, విషానిది కాదు, గైల్స్ పానకానిది అసలే కాదు. ఈ నీళ్ళ మనిషి నెలా రెండు నెలల్లో వచ్చే గడ్డి కోతల దాకా ఉండడు. పాదువాలో మొదటి ఏడు చదివినవాడెవడైనా చెప్పగలడు, చూపిస్తే.

ఎందుకు చేశారు అని అడిగాను. నేను అనుకున్నది ఒకటి. రాజు పోతే పీఠం పోతుంది, పీఠం పోతే ఈ దొర వట్టి డాంట్రీ. ఆ మాట ఒప్పుకున్నాడు కూడా. కానీ మొదలుపెట్టింది తను కాదన్నాడు. చలికాలంలో ఒక పొద్దున ప్రభువులే లేచి బుడ్డిలోకి చూసుకున్నారట. చాలాసేపు చూసుకుని, ఇది వైద్యుడికి చూపించకు అన్నారట. నేను నమ్మలేదు. రాజు పేరు చెప్పి తప్పించుకునేవాళ్ళను చాలామందిని చూశాను.

"మరి గైల్స్?" అన్నాను. "వాడు ఏ పాపం ఎరగడని మీకు తెలుసు కదా."

"తెలుసు. కానీ రాజుకు రోగం రాకూడదయ్యా. వచ్చిందంటే ఎవడో ఒకడు తెచ్చిపెట్టి ఉండాలి." సర్ పియర్స్ కిటికీ దగ్గరున్న గిన్నెలో చేతులు కడుక్కున్నాడు. ఈ భవనంలో ఆయన చేతులు కడుక్కోగా చూడడం నాకదే మొదలు. "మీ బావమరిది మీద నాకు కోపమేం లేదు. వాడి దుకాణం దగ్గరగా ఉంది, అంతే."

ఆ తర్వాత మెత్తగా బుద్ధి చెప్పాడు. సభలోకి వెళ్ళి విషం అంటే నా ఉద్యోగం నాకుంటుంది. రోగం అంటే, ఎంత రోగమని అడుగుతారు. ఎంత అని చెప్పిన మరుక్షణం నేను రాజద్రోహిని. పైగా ఇన్నాళ్ళూ బాగున్నాయని ప్రమాణం చేసింది నేనే. ఆ బుడ్డి అక్కడ పెట్టేసి మొహం కడుక్కోమన్నాడు.

నేను బుడ్డి పెట్టాను, వెండి పళ్ళెంలో. తేటనీళ్ళ బుడ్డి తీసి తెర వెనక పెట్టాను. నల్లనీళ్ళ బుడ్డి మీద మఖమలు కప్పి, పళ్ళెం ఎత్తుకుని, ఒక చేత్తో గడియ తీశాను. ఆ పళ్ళెం మోసే హక్కు ఆయనదే. కానీ తలుపు తెరుచుకున్నాక నా చేతిలోంచి లాక్కోవడానికి లేదు, కాపలావాళ్ళు చూస్తున్నారు. నడవ పొడుగునా టోపీలు లేచాయి. సిలువ పక్కన నిలబడి పని ముగించుకుంటున్న ఒక పెద్దమనిషి కూడా అలాగే సగంలో తిరిగి వంగి దండం పెట్టాడు. సర్ పియర్స్ నా వెనకే వస్తున్నాడు. ఆయన ఊపిరి నా మెడకు తగులుతోంది.

సభ ప్రభువుల పడకగది పక్కనే జరుగుతుంది. మధ్యలో గోడకు బదులు బరువైన నల్ల తెర. ప్రభువులు నిద్రపోతున్నారని, గొంతులు తగ్గించమని కాపలావాళ్ళు చెప్పారు. పెద్ద కుర్చీలో ముసలి లార్డ్ ఆర్డింగ్‌లీ కూర్చున్నాడు. ఆయన లేచి టోపీ తీసి, రోగమా విషమా అని నన్ను అడగబోయాడు. ఆలోపే పళ్ళెం బల్ల మీద పెట్టి మఖమలు తీశాను. ప్రభువులు పోతారని అనకూడదని చట్టంలో ఉంది గానీ, బుడ్డి మీద గుడ్డ తీయకూడదని లేదు.

ముందు వాసన వెళ్ళింది. బల్ల చుట్టూ రుమాళ్ళు లేచాయి. ఒకాయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. లార్డ్ ఆర్డింగ్‌లీ మాత్రం వంగి బుడ్డిలోకి చూసి, తల ఎత్తి నన్ను దాటి సర్ పియర్స్‌ను చూశాడు. బుడ్డి ఎవరిదో చెప్పే అధికారం పీఠాధికారిదే, వైద్యుడిది కాదు.

"ఇవి ప్రభువులవేనా, సర్ పియర్స్?"

ప్రభువులవే అంటే ఇన్నాళ్ళూ చూపించినవి ఎవరివో చెప్పాలి. కావంటే ఎవరివో చెప్పాలి. సర్ పియర్స్ నుదుటి మీద చెమట నాకు కనిపిస్తోంది. ఇప్పుడింక తప్పించుకోలేడనుకున్నాను. ఆయన తల వంచుకుని, సిగ్గుపడుతున్నట్టు మొహం పెట్టాడు.

"కావు దొరా. నావి. నాకు ఒంట్లో బాగుండడం లేదు. డాక్టరుగారికి చూపించుకుందామని తెర వెనక పెట్టుకున్నాను. ఆయన పొరపాటున ఇది తెచ్చేశారు."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు హమ్మయ్య అన్నట్టు వెనక్కి వాలారు. ఒకరిద్దరు పాపం అన్నారు. గైల్స్ ఆ గంగాళంలో దిగడం నా కళ్ళముందు కనిపించింది. అప్పటిదాకా నాలో ఉన్న భయం ఏమయిందో తెలియదు, రోత ఒక్కటే మిగిలింది.

"అయ్యో, అలాగా," అన్నాను. "అయితే చిన్న అనుమానం తీర్చండి. ఒక ఖాళీ బుడ్డి తెప్పిస్తాను. దొరగారు ఇప్పుడే, ఇక్కడే, ఆ మూలకు తిరిగి నింపి ఇస్తారు. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఈ భవనంలో గోడకు తిరగడం ఎవరికీ కొత్త కాదు కదా."

ఎవరో కిసుక్కున నవ్వారు. సర్ పియర్స్ మొహం తెల్లబడింది. రెండో బుడ్డిలో ఏం వాసన వస్తుందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. లార్డ్ ఆర్డింగ్‌లీ ఆయన వంకే చూస్తూ, బుడ్డి తెమ్మని కాపలావాడికి సైగ చేశాడు.

"అక్కర్లేదు."

ఆ మాట బల్ల దగ్గరనుంచి రాలేదు. నల్ల తెర వెనకనుంచి వచ్చింది. నీరసంగా, బొంగురుగా ఉన్నా గుర్తుపట్టని వాళ్ళెవరూ లేరు. అందరూ లేచి నిలబడి, తెరకు మోకరిల్లారు. నేనూ మోకరిల్లాను.

"పియర్స్ నా దగ్గర నమ్మకంగా పనిచేశాడు," అంది ఆ గొంతు. మధ్యలో ఊపిరి అందక ఆగింది. "వాడి నీళ్ళు చూశావు కదా కెల్వే. వాడి గురించి చెప్తే తప్పేం లేదు. వాడు ఇంకెన్నాళ్ళు బతుకుతాడు?"

అప్పుడు నమ్మాను. చలికాలంలో బుడ్డిలోకి చూసుకున్నది ఆయనే. తన చావు మాట ఎవరూ ఎత్తకూడదని చట్టం తెచ్చి దేశమంతటి నోరూ నొక్కి, ఇప్పుడు ఆ ఒక్క మాట చెప్పే దిక్కు లేక, ఇంకొకడి పేరు పెట్టుకుని నన్ను అడుగుతున్నాడు. ఆ గొంతులో భయం విని ఒక్క క్షణం జాలి వేసింది. మరుక్షణం, గైల్స్ నిర్దోషి అని ఈయనకు మొదటినుంచీ తెలుసన్నది గుర్తుకొచ్చింది. జాలి పోయింది.

గడ్డి కోతల దాకా అని చెప్పేస్తే చాలు. పియర్స్ దొర బతుకుతాడు, నేను బతుకుతాను, ప్రభువులు తెలుసుకోవాలనుకున్నది తెలుసుకుంటారు. ప్రభువులది విషమనే తేలి, గంగాళం ఒక్కటే ఖాళీగా ఉండదు.

నేను మోకాళ్ళ మీదనుంచి లేచాను. రాజుగారు లేవమనకుండా లేవడం కూడా తప్పే.

"ప్రభూ, ఇవి సర్ పియర్స్ గారి నీళ్ళు కావు," అన్నాను.

లార్డ్ ఆర్డింగ్‌లీ కళ్ళు మూసుకున్నాడు. తలుపు దగ్గర కాపలావాళ్ళు ఇద్దరూ ఒక అడుగు లోపలికి వేశారు. నల్ల తెర ఉంగరాలు గలగలమన్నాయి, వాచిన చెయ్యి ఒకటి బయటికి వచ్చి అంచు పట్టుకుంది.

"మరి ఎవరివో చెప్పు," అంది ఆ గొంతు.